ఎక్స్‌రేలో కనపడని పొగ

కుర్రాడికి ఇరవై రెండేళ్లు. రెండు నెలలుగా దగ్గు. పొద్దున్నే లేవగానే మొదలై, కళ్లె పడితేగానీ ఆగదు. వాళ్లమ్మ మా వీధి చివరింట్లో ఉంటుంది. నేను అక్కా అని పిలుస్తాను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న సిరప్పులు మూడు సీసాలు ఖాళీ అయ్యాక, ‘కాస్త తోడు రా తమ్ముడూ’ అంటే వాళ్లతో కలిసి ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

డాక్టరు వీపు మీద స్టెతస్కోపు ఆనించి గట్టిగా ఊపిరి తీసుకోమన్నారు. తీసుకోబోయి వాడు దగ్గాడు.

‘సిగరెట్ అలవాటుందా బాబూ?’

‘లేదు సార్.’

‘మా ఇంటా వంటా లేదండీ. వాళ్ల నాన్న కూడా ముట్టుకోరు’ అని అక్క అందుకుంది.

ఎక్స్‌రే తీశారు. కళ్లె పరీక్ష చేశారు. టీబీ లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది. అక్క గోడ మీది దేవుడి పటానికి దండం పెట్టుకుని మందుల కోసం లైన్లో నిలబడింది. అప్పుడు వాడు నా పక్కకొచ్చి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

‘మావయ్యా, లోపల ఏదైనా ఉంటే ఎక్స్‌రేలో తెలిసిపోతుంది కదా?’

‘ఏముంటే రా?’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది హాస్టల్లో మొదలైంది. ముందు శనివారాలు మాత్రమే. ఇప్పుడు రోజూ రాత్రి. ‘సిగరెట్ తాగనని నేను అబద్ధం చెప్పలేదు మావయ్యా. నేను తాగేది గంజాయి. దాంతో లంగ్ క్యాన్సర్ రాదని రీసెర్చ్‌లోనే తేలింది. నేను చదివాను.’

వాడు చదివింది కట్టుకథేం కాదు. అలాంటి పరిశోధన నిజంగానే ఉంది. చేసినాయన కూడా ఆ రంగంలో ఉద్దండుడు. అందుకే ఆ రోజు వాడికి నేను ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత వారాల తరబడి చదివి తెలుసుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. వాడికీ, వాడిలాంటి పిల్లలున్న ఇళ్లకీ.

లాస్ ఏంజెలెస్‌లో ఏం తేలింది?

డొనాల్డ్ టాష్కిన్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఊపిరితిత్తుల వైద్యుడు. గంజాయి పొగ మీద దశాబ్దాల పాటు పనిచేశారు. సిగరెట్టూ గంజాయీ రెండూ అలవాటున్న మగవాళ్లు ఏది ఎలా తాగుతున్నారో ఆయన బృందం కొలిచి చూసి, 1988లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. గంజాయి తాగేటప్పుడు దమ్ము పెద్దగా లాగుతారు, లోతుగా లాగుతారు. లాగిన పొగను వెంటనే వదలరు. సిగరెట్ పొగకంటే నాలుగు రెట్లు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి లోపలే ఉంచుకుంటారు. దాని ఫలితం, సిగరెట్‌తో పోలిస్తే లోపలికి పోయే తారు మూడు రెట్లు. రక్తంలో చేరే కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఐదు రెట్లు.

ఆ పొగలో ఉండేది కూడా తక్కువదేం కాదు. ఎండిన ఆకు ఏదైనా కాలితే పుట్టే విషాలు చాలావరకు అవే. బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు పొగాకు పొగలో ఉన్నట్టే ఇందులోనూ ఉన్నాయి. కెనడా ప్రభుత్వ ప్రయోగశాల వాళ్లు 2008లో కొలిస్తే, గంజాయి పొగలో అమ్మోనియా పొగాకు పొగలోకంటే 20 రెట్లు ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2009లోనే గంజాయి పొగను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

టాష్కిన్ బృందం గంజాయి తాగేవాళ్ల శ్వాసనాళాల లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి కూడా చూసింది. క్యాన్సర్‌కు ముందు వచ్చే తరహా మార్పులు వాటిలో కనిపించాయి. ఇన్ని చూశాక ఎవరైనా ఏమనుకుంటారో ఆయనా అదే అనుకున్నారు. దాన్ని తేల్చేందుకు పెద్ద అధ్యయనం చేపట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 611 మంది, తల, మెడ భాగాల క్యాన్సర్లున్నవాళ్లు 601 మంది, ఏ క్యాన్సరూ లేనివాళ్లు 1,040 మంది. జీవితంలో ఎంత గంజాయి తాగారో, ఎన్ని సిగరెట్లు కాల్చారో ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. 2006లో ఫలితం వచ్చింది. సిగరెట్ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూస్తే, గంజాయి బాగా తాగినవాళ్లలో కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనపడలేదు.

తాను అనుకున్నదానికి ఎదురు వచ్చిన ఫలితాన్ని ఆయన ఉన్నదున్నట్టు బయటపెట్టారు. అందుకు ఆయనకు దండం పెట్టాలి. 2015లో అమెరికా, కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్‌లలో జరిగిన ఆరు అధ్యయనాలను కలిపి, 2,159 మంది రోగుల వివరాలతో మళ్లీ లెక్కగడితే అప్పుడూ బలమైన సంబంధం దొరకలేదు. 2017లో అమెరికా జాతీయ అకాడమీలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, గంజాయి పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం లేదనడానికి ‘ఒక మోస్తరు’ ఆధారాలున్నాయని చెప్పాయి.

మా కుర్రాడు చదవడం ఇక్కడితో ఆపేశాడు.

స్వీడన్ కుర్రాళ్లు, నలభై ఏళ్ల లెక్క

స్వీడన్‌లో 1969, 1970 సంవత్సరాల్లో సైన్యంలో తప్పనిసరి సేవకు పిలిచిన 18-20 ఏళ్ల కుర్రాళ్లందరినీ మత్తు అలవాట్ల గురించి అడిగి రాయించుకున్నారు. అలా రాసిన 49 వేల పైచిలుకు మంది ఆరోగ్య రికార్డులను 2009 దాకా చూశారు. అంటే నలభై ఏళ్లు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ వయసుకే యాభైసార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే రెట్టింపు. న్యూజిలాండ్‌లో 55 ఏళ్ల లోపు రోగులను తీసుకుని 2008లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, అందరికంటే ఎక్కువ తాగిన వర్గంలో ముప్పు ఐదు రెట్లు దాటింది. ట్యునీషియా, మొరాకో, అల్జీరియాలలో చేసిన అధ్యయనాలను కలిపి చూస్తే అక్కడా రెట్టింపు పైనే.

వీటిలోనూ లోపాలున్నాయి. స్వీడన్ వాళ్లు సిగరెట్ల గురించి కుర్రాళ్లను అడిగింది సైన్యంలో చేరేటప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత నలభై ఏళ్లలో ఎవరు ఎంత కాల్చారో లెక్క లేదు. న్యూజిలాండ్‌లో రోగులు 79 మందే. కాబట్టి గంజాయి పొగతో ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నేనూ చెప్పను. పిల్లల్ని భయపెట్టడానికి లేనిది ఉన్నట్టు చెబితే, వాళ్లు ఫోన్లో వెతికి నిమిషంలో పట్టుకుంటారు. ఆ తర్వాత మనం ఏ నిజం చెప్పినా నమ్మరు.

అయితే తేలకపోవడానికి కారణాలున్నాయి. నేరం కాబట్టి తాగినవాళ్లు ఉన్నమాట చెప్పరు. రోజూ ఏళ్ల తరబడి తాగేవాళ్లు తక్కువమంది దొరుకుతారు. దొరికినవాళ్లలో ఎక్కువమందికి సిగరెట్టూ ఉంటుంది. అన్నిటికంటే పెద్దది కాలం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు సిగరెట్లు పంచిపెట్టారు. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల లెక్కలతో చూపించింది 1950లో. మధ్యలో ఒక తరం గడిచిపోయింది. టాష్కిన్ అధ్యయనంలో ఉన్నవాళ్లు చాలామంది ఇంకా అరవై దాటనివాళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా బయటపడేది ఆ వయసు దాటాకే. పాము కనపడలేదు కదా అని ఎవరూ పుట్టలో చెయ్యి పెట్టరు.

గంజాయి క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్న మాట కూడా కుర్రాళ్ల మధ్య తిరుగుతోంది. 1975లో అమెరికాలో ఎలుకలకు గంజాయిలోని టీహెచ్‌సీ అనే రసాయనాన్ని ఇస్తే ఊపిరితిత్తుల కణితి పెరుగుదల నెమ్మదించిన మాట నిజం. ఎలుకలకు ఇచ్చింది శుద్ధి చేసిన రసాయనం. వాటికి ఎవరూ పొగ పట్టలేదు. కీమోథెరపీ వాంతులకు అదే రసాయనంతో చేసిన మందును 1985లో అమెరికాలో అనుమతించారు. అది క్యాప్సూల్. దాన్ని చూపించి చిలుం వెలిగించడం తగదు.

మన పొట్లంలో ఏముంది?

‘ఎలా తాగుతావురా?’ అని అడిగాను. ఆ రోజే, ఆసుపత్రి గేటు పక్కన, టీ బండి దగ్గర. చేతులతో చేసి చూపించాడు. మామూలు సిగరెట్ కొంటారు. రెండు వేళ్ల మధ్య నలుపుతూ తిప్పితే పొగాకు పొడి అరచేతిలో రాలుతుంది. గంజాయిలోంచి గింజలూ పుల్లలూ ఏరేసి, నలిపి, అదే పొగాకులో కలిపి మళ్లీ కూరతారు. ఫిల్టర్ పీకేసి, బస్ టికెట్టో విజిటింగ్ కార్డు ముక్కో చుట్టి పెడతారు. గంజాయి ఒక్కటే అయితే సరిగా కాలదట, అందుకని పొగాకు ‘మిక్సింగ్’. చెబుతూ చెబుతూ వాడు ఆగిపోయాడు. గాల్లో తిరుగుతున్న తన వేళ్ల వంక చూసుకున్నాడు. చూపుడు వేలి కొన పసుపుపచ్చగా ఉంది.

సిగరెట్ తాగనని డాక్టరుకు చెప్పిన కుర్రాడు మూడేళ్లుగా ఫిల్టర్ లేని పొగాకు తాగుతున్నాడు. పైగా గంజాయి తాగే పద్ధతిలో, లోతుగా లాగి, బిగబట్టి.

ఈ కథనంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. అమెరికాలో చాలామంది గంజాయిని ఒంటిగా చుట్టుకుని తాగుతారు. మన దగ్గర, యూరప్‌లో, ఉత్తర ఆఫ్రికాలో పొగాకుతో కలిపి తాగడం ఎక్కువ. లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు సిగరెట్ లెక్కను కాగితం మీద తీసేసి, మిగిలినదాన్ని చూశారు. మా కుర్రాడి ఒంట్లోంచి ఆ లెక్క ఎవరూ తీసేయరు. పొగాకు పొగలో 70కి పైగా క్యాన్సర్ కారకాలున్నాయి. దానితో ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందా రాదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ఒట్టి గంజాయి గురించి శాస్త్రవేత్తల మధ్య సాగుతున్న వాదం, సిగరెట్ గుల్ల చేసి గంజాయి కూరే మన పిల్లలకు రక్షణ ఇవ్వదు.

ఇక ఆ పొట్లంలోకి వచ్చే సరుకు. మన రాష్ట్రాల్లో పట్టుబడే గంజాయిలో చాలావరకు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి దిగుతుంది. శీలావతి రకం పేరు పోలీసు వార్తల్లో అందరం చదివినదే. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల్లో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకును ఒకేచోట తగలబెట్టారు. అయినా పొట్లాలు ఆగలేదు. కొండ మీద పచ్చిగా మూటకట్టి, లారీల్లో ఉల్లిపాయల కిందా కొబ్బరికాయల కిందా దాచి తెచ్చే సరుకు అది. దాన్ని పరీక్షించే నాథుడు లేడు. తేమకు బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మామూలు మనిషిని ఏమీ చేయకపోవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం ఊపిరితిత్తుల్లో పాతుకుపోయి ప్రాణం మీదికి తెస్తుంది. తలుపులేసిన గదిలో ఒకే చిలుం పదిమంది చేతులు మారుతుంటే, వాళ్లలో ఒకడికి టీబీ ఉంటే చాలు.

ఖాయంగా తెలిసినవి

క్యాన్సర్ సంగతి పక్కన పెడదాం. అనుమానం లేకుండా తేలినవి చాలానే ఉన్నాయి.

వాడి దగ్గే మొదటిది. దుమ్మును పైకి నెట్టే సన్నటి నూగు శ్వాసనాళాల లోపలంతా ఉంటుంది. రోజూ పొగ తగిలితే ఆ నూగు రాలిపోతుంది, కళ్లె ఊరే కణాలు పెరుగుతాయి. ఊడ్చేవాళ్లు లేక చెత్త పేరుకుంటుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఒంటికి మిగిలిన దారి దగ్గు ఒక్కటే. దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటే ఇదే. దీనికీ గంజాయి పొగకూ సంబంధం ఉందని అమెరికా అకాడమీల 2017 నివేదికే గట్టిగా చెప్పింది. ఇలాంటి జబ్బు మామూలు ఎక్స్‌రేలో కనపడకపోవడం సర్వసాధారణం. కెనడాలోని ఒట్టావాలో గంజాయి తాగే 56 మందికి సీటీ స్కాన్ తీసి చూస్తే నలుగురిలో ముగ్గురికి ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గదులు చిరిగిపోయే జబ్బు కనిపించిందని 2022లో ప్రచురించారు. వాళ్లలోనూ చాలామందికి పొగాకు అలవాటుంది. కాబట్టి పాపం ఎవరిదెంతో పంచి చెప్పడం కష్టం.

గుండె సంగతి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. గంజాయి తాగిన కొద్ది నిమిషాల్లోనే గుండె వేగం పెరుగుతుంది. 4 లక్షల 30 వేలకు పైగా అమెరికన్ల వివరాలతో 2024లో వచ్చిన విశ్లేషణలో, రోజూ వాడేవాళ్లకు గుండెపోటు ముప్పు 25 శాతం, పక్షవాతం ముప్పు 42 శాతం ఎక్కువగా తేలింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం, గంజాయికి బానిసలైనవాళ్లలో నోరు, గొంతు వంటి భాగాల క్యాన్సర్లు మూడున్నర నుంచి ఐదు రెట్లు ఎక్కువగా ఉన్నాయంది. అందులో పొగాకు, మద్యం వాటా పూర్తిగా విడదీయలేకపోయారు. పొగాకు నమలడం వల్ల నోటి క్యాన్సర్లు ఇప్పటికే ఎక్కువగా ఉన్న దేశం మనది. దాని మీద ఇదొకటి వచ్చి చేరుతుందేమోనన్న భయం నాకుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మనసు సంగతి. టీహెచ్‌సీని 1964లో వేరుచేసింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్. ఆ రసాయనం మెదడులో ఎక్కడ అతుక్కుంటోందో వెతుకుతూ పోతే, అదే చోట అతుక్కునే పదార్థం మెదడే సొంతంగా తయారుచేసుకుంటోందని 1992లో ఆయన బృందానికి తెలిసింది. దానికి మన ‘ఆనందం’ అన్న మాటతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలి, నిద్ర, జ్ఞాపకం, భయం, వీటన్నిటినీ సర్దే వ్యవస్థలో అదొక భాగం. ఇరవై దాటి నాలుగైదేళ్లు గడిచేదాకా ఎదుగుతూనే ఉండే మెదడులో, రోజూ బయటినుంచి టీహెచ్‌సీ వచ్చిపడుతుంటే ఆ సర్దుబాటు చెడుతుంది.

ఇందాక చెప్పిన స్వీడన్ కుర్రాళ్లే ఇక్కడా సాక్షులు. వాళ్ల రికార్డుల్లోంచే 1987లో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసం, యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా ఉందని చూపించింది. 2019లో యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసిన అధ్యయనంలో, టీహెచ్‌సీ శాతం ఎక్కువున్న గంజాయిని రోజూ వాడేవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివాళ్లకంటే దాదాపు ఐదు రెట్లు. తాగిన ప్రతివాడికీ పిచ్చి పట్టదు. కుటుంబంలో మానసిక వ్యాధి ఉన్నవాళ్లకూ, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకూ ముప్పు ఎక్కువ. తాగేవాళ్లలో సుమారు పదిమందికి ఒకరు బానిసలవుతారని అంచనా. పదిహేను, పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురికి ఒకరు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. అంతకు ముందు ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవాళ్లు దేశంలో 3.1 కోట్ల మంది. వాళ్లలో ఆ అలవాటుతో ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షలు. మా కుర్రాడు ఆ 72 లక్షల్లో ఒకడు. డాక్టరు ముందు కూర్చుని కూడా నోరు విప్పలేకపోయినవాడు.

నోరు ఎందుకు విప్పడు?

పక్కన అమ్మ ఉంది. ఆ తర్వాత పోలీసు భయం. గంజాయి తాగడం మత్తుపదార్థాల నియంత్రణకు ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉందని మాత్రం చాలామందికి తెలియదు. కేసు ఎదుర్కొంటున్న బాధితుడు కూడా, దొరికింది కొద్ది మోతాదే అయితే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చట్టం తెరిచి ఉంచిన ఈ తలుపు గురించి కాలేజీల్లో, బస్తీల్లో చెప్పాలి. ‘డ్రగ్స్ వద్దు’ అని గోడల మీద రాసేవాళ్లు దాని కిందే ఇదీ రాయాలి.

పది రోజుల తర్వాత మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసారి అక్కను బయట కూర్చోబెట్టాను. వాడు మొత్తం చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. ఏ వయసులో మొదలైంది, రోజుకు ఎన్ని, పొగాకు కలుపుతావా, నిద్ర పడుతోందా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచారు. అదే ఆవరణలో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు.

మానేసిన మొదటి వారం నరకం చూశాడు. నిద్ర లేదు, తిండి సయించలేదు, ఊరికే కసురుకునేవాడు, పడుకుంటే పీడకలలు. ఇది మామూలేనని, రెండు మూడు వారాల్లో తగ్గుతుందని డాక్టరు ముందే చెప్పి ఉండడంతో ఇంట్లో ఓపిక పట్టారు. అక్కకు వాడే చెప్పుకున్నాడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి వాడికి నిద్ర పట్టక లేచి కూర్చుంటే, వచ్చి పక్కన కూర్చుందట. గంజాయి మానేస్తే దగ్గు, కళ్లె చాలామందిలో తగ్గిపోతాయని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. వాడికి మూడో నెలకు తగ్గింది. సిగరెట్టు పొగాకుతో కలిపి లాగిన మూడేళ్లు లోపల ఏం చేశాయో తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

డాక్టర్లకు నాదొక విన్నపం. దగ్గుతో వచ్చిన కుర్రాడిని ‘సిగరెట్ తాగుతావా’ అని ఒక్క మాట అడిగి వదలకండి. గంజాయి పేరు పెట్టి అడగండి, ఇంట్లోవాళ్లను రెండు నిమిషాలు బయటికి పంపి అడగండి. అమ్మానాన్నలకూ ఒక మాట. బిడ్డ చెప్పినప్పుడు తిట్టాలనిపిస్తే తర్వాత తిట్టండి, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేదనిపిస్తే టెలి-మానస్ 14416. రెండూ ఉచితం.